అర్దియా ఇంట్లో ఇరుక్కున్న కేసు

మా వైపు 'కేసులో ఇరుక్కున్నాడు' అంటే పోలీసులు పట్టుకెళ్లారని అర్థం. నా ఉద్యోగ జీవితంలో నేనెప్పుడూ కేసులో ఇరుక్కోలేదు. కేసే ఇరుక్కుంది. అదీ కువైట్‌లో, ఇరాక్ సైన్యం మా వీధి చివరి బడిలో కాపురం పెట్టిన రోజుల్లో.

ఐటీఐ పాసై గల్ఫ్ వీసా కోసం ఎదురుచూసే కుర్రాళ్లు ఇప్పటికీ మా ఇంటికొచ్చి "అక్కడెలా ఉంటుందండి మామయ్యా?" అని అడుగుతుంటారు. ఎండ గురించి, జీతం గురించి ఎవరైనా చెబుతారు. వీసా మీద రాసిన పనికీ, అక్కడికి దిగాక చేయించే పనికీ మధ్య ఉండే దూరం గురించి నేను చెబుతాను.

నా వీసా మీద టర్నర్ అని ఉండేది. సబ్హాన్‌లో మా కఫీల్‌కు ఒక వర్క్‌షాపు ఉండేది. కఫీల్ అంటే మనకు వీసా ఇచ్చిన యజమాని. మనం ఆయన వర్క్‌షాపులో ఉంటాం, మన పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంటుంది. పగలంతా అక్కడ లేత్ మిషను మీద నా పని. సాయంత్రం అర్దియాలో ఆయన ఇంటి వెనకున్న గదికి చేరేవాణ్ణి. అక్కడితో నా డ్యూటీ అయిపోయిందని నేననుకునేవాణ్ణి. ఆయన అనుకునేవాడు కాదు.

కఫీల్‌కు సరదాలు ఎక్కువ. ఒక ఏడాది డేగలు పెంచాడు. అవి ఎగిరిపోయాక కెమెరాలు కొన్నాడు. నేను చేరేసరికి తుపాకుల సరదా నడుస్తోంది. స్నేహితులతో ఎడారికి పోయి రైఫిల్‌తో గురి చూసి కాల్చడం, పేలిన తూటాల ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి ఇంట్లో మళ్లీ మందు కూరి తయారు చేసుకోవడం. బజార్లో పెట్టెలకు పెట్టెలు కొనగల మనిషి ఇసుకలో మోకాళ్ల మీద పాకుతూ ఖాళీ గొట్టాలు ఏరేవాడు. గాలివాన వెలిశాక మామిడి పిందెలు ఏరుకునే పిల్లలు కూడా అంత శ్రద్ధగా ఏరరు.

ఆ ఖాళీ గొట్టాన్నే కేసు అంటారు. తూటా పేలినప్పుడు కేసు కాస్త ఉబ్బుతుంది, పెళ్లి భోజనం చేసినవాడి పొట్టలాగా. ఉబ్బినది మళ్లీ తుపాకీలో దూరదు. దాన్ని డై అనే ఉక్కు అచ్చులోకి మీట ఉన్న ప్రెస్సుతో నొక్కితే పాత కొలతకు వస్తుంది. నొక్కేముందు కేసుకు మైనం లాంటి పూత ఒకటి పల్చగా రాయాలి. రాయకపోతే డైలో ఇరుక్కుంటుంది. ఈ కథకు మీకు కావలసిన సాంకేతిక విద్య ఇంతే.

మందు కూరడం కఫీల్ పని. అది ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. కేసులు తోమడం, కొలతకు నొక్కడం నా పని. వంటింటి పక్కన సరుకులు పెట్టుకునే గదిని ఖాళీ చేయించి ప్రెస్సు కోసం బల్ల కట్టించాడు. బల్ల కాళ్లు నేలలో కాంక్రీటు పోసి పాతించాడు. "భూకంపం వచ్చినా ఇది కదలకూడదు" అన్నాడు. ప్రెస్సు బోల్టుల్ని బల్లకు కింద నుంచి నాతోనే వెల్డింగు చేయించాడు. ప్రెస్సుకి బల్లకి ఎందుకండి వెల్డింగు అని నేను అడగలేదు. కఫీల్‌తో వాదించడం నా వీసాలో లేదు. నా జన్మలో అంత గట్టి వెల్డింగు మళ్లీ చేయలేదని మాత్రం చెప్పగలను.

ఆ ఇంట్లో నాకు సొంత మనిషి అంటూ ఉన్నది వంట చేసే అక్క. రాయచోటి దగ్గరావిడ. నాకంటే పెద్దది, నాకంటే ముందొచ్చింది, నాకంటే అరబ్బీ బాగా తిట్టగలదు. నాది కోనసీమ. ఇద్దరం మాట్లాడేది తెలుగే అయినా సగం రోజులు ఏ మాటకు ఏమర్థమో తేల్చుకోవడంతోనే గడిచిపోయేవి. ఇంకొకావిడ కఫీల్ తల్లి. పనివాళ్లు ఇంటి యజమానురాలిని మామా అంటారు. కఫీల్ భార్య మామా, ఈవిడ పెద్ద మామా. నోట్లో పళ్లు లేవు, చేతిలో కర్ర ఉంది. ఆ కర్ర చప్పుడు వినబడితే కఫీల్ కూడా సిగరెట్టు ఆర్పేసేవాడు.

ఆ ఏడు వేసవికి కఫీల్ పెళ్లాం పిల్లల్ని తీసుకుని స్విట్జర్లాండ్ పోయాడు. పెద్ద మామా వెళ్లలేదు. చల్లగా ఉండే దేశాలు ఆవిడకు పడవు. పోతూ పోతూ కఫీల్ నా ముందు ఒక బకెట్టు నిండా కేసులు పెట్టి, నేను తిరిగొచ్చేసరికి అన్నీ కొలతకు రావాలి, యల్లా, కానియ్, అన్నాడు. పూత డబ్బా చూస్తే అడుగంటింది. ఆ సంగతి ఆయనకు చెప్పేలోపే విమానం ఎక్కేశాడు.

ఒక బుధవారం సాయంత్రం డబ్బా పూర్తిగా అయిపోయింది. బకెట్టు ఇంకా సగముంది. అక్క దగ్గరికెళ్లి, "రెండు చుక్కలు కొబ్బరి నూనె ఇయ్యవా అక్కా" అన్నాను.

"దేనికి?"

"తలకి."

ఇచ్చింది. దాన్ని తీసుకొచ్చి కేసులకు రాశాను. జారుడు జారుడే కదా, మైనమైతేనేం, నూనైతేనేం అనుకున్నాను. మొదటి నాలుగైదు బాగానే వెళ్లాయి. ఆ తర్వాతిది సగం దాకా వెళ్లి ఆగిపోయింది. మీట కిందికి నొక్కితే లోపలికి పోదు. పైకి లాగితే బయటికి రాదు. కేసు సగం డైలో, సగం బయట. కింద మొదలు ప్రెస్సు కొరుకులో, అంటే కేసు అడుగును పట్టుకునే గాడిలో, బిగుసుకుని ఉంది. నేను మీట పట్టుకుని కోతిలా వేలాడాను. అక్క వచ్చి చూసింది.

"ఏం అబ్బీ, ఆ ఇనప గాడిదతో కుస్తీ పడతాండావు?" అంది. తర్వాత కొబ్బరి నూనె సీసా కంటబడింది. "నా తలకు పెట్టుకునే నూనె తీస్కచ్చి తుపాకి గొట్టాలకు పూసినావా? నీ చేతులిరగ!"

రేపు సబ్హాన్ నుంచి రంపం తెచ్చి కోసేద్దాంలే అనుకుని పడుకున్నాను. తెల్లారేసరికి ఇరాక్ సైన్యం కువైట్‌లో ఉంది.

ఆ మొదటి రోజుల భయం గురించి నేను పెద్దగా చెప్పను. ఫోన్లు పోయాయి. రొట్టెల దుకాణాల ముందు వరసలు పెరిగాయి. రోడ్డు మీద ట్యాంకు కనిపిస్తే ఎటు చూడాలో తెలిసేది కాదు. దాని వైపు చూస్తే ఒక తప్పు, చూడకపోతే ఇంకో తప్పు. కఫీల్ అన్న కొడుకు ఒకడు వచ్చి రైఫిళ్లు, మందు డబ్బాలు బండిలో వేసుకుని పోయాడు. ఎక్కడికని నేనడగలేదు. వెళ్తూ బకెట్టు వైపు, ప్రెస్సు వైపు చూసి, "ఇవి మీరే చూసుకోండి" అన్నాడు.

చూసుకోక తప్పని పరిస్థితి వారం తిరక్కుండానే వచ్చింది. సైనికులు ఇల్లిల్లూ సోదా చేస్తున్నారు. మా వెనక వీధిలో ఒక ఇంట్లో తుపాకీ దొరికింది. ఆ ఇంటి పెద్దాయన్ని గుమ్మం ముందే కాల్చేసి ఇల్లు తగలబెట్టారు. ఆ పొగ మా వంటింటి కిటికీలోంచి లోపలికొచ్చింది. ఆ రోజు అక్క నన్నేమీ తిట్టలేదు. దాంతో నాకింకా భయమేసింది.

బకెట్టులో కేసుల్ని మరుగుదొడ్డి వెనక సెప్టిక్ ట్యాంకు మూత తీసి అందులో పోశాం. నేనంత శ్రద్ధగా తోమి మెరిపించిన ఇత్తడంతా చివరికి అక్కడికి చేరింది. డబ్బాలు, గరాటాలు, చిన్న తక్కెడ అన్నీ ఒక్కొక్కటే మాయం చేశాం. చివరికి ప్రెస్సు మిగిలింది. అది నా వెల్డింగు. దాని నోట్లో కేసు ఉంది. బయటికి కనబడే దాని మొదలు చూసిన సైనికుడెవడికైనా అది తూటాదని తెలిసిపోతుంది. వాళ్లు రోజూ చూసేది అదే కదా.

సుత్తితో రెండు దెబ్బలు కొట్టానో లేదో వీధిలో కాపలా ఉన్న సైనికుడు గేటు కొట్టి ఏంటా చప్పుడని అరిచాడు. మసాలా దంచుతున్నామని అక్క కేకేసింది. ఇక సుత్తి ముట్టుకోలేదు. రంపం ఉంటే రెండు నిమిషాల పని. రంపాలన్నీ సబ్హాన్‌లో ఉన్నాయి. మూడో వారంలో ఒక రోజు గుండె చిక్కబట్టుకుని సబ్హాన్ వెళ్లి చూస్తే వర్క్‌షాపులో గోడలు మాత్రం ఉన్నాయి. లేత్ మిషన్లతో సహా అన్నీ లారీలెక్కి బస్రా వెళ్లిపోయాయి. నా స్క్రూడ్రైవర్ కూడా వదల్లేదు. వంటింటి కత్తితో కోయబోతే కత్తి పదును పోయింది. ఆ కత్తి గురించి అక్క అన్న మాటలు ఇక్కడ రాయను, ఆడవాళ్లు కూడా చదువుతారు.

"బ్నీద్ అల్ గార్‌లో మావాడొకడున్నాడక్కా, ఏసీ మెకానిక్కు. వాడి దగ్గర రంపం ఉంటాది. రేపు పొద్దున్నే పోయి తెచ్చేత్తాను" అన్నాను.

"రేపు, రేపు. నీ రేపులతో ఈ ఇల్లు కాలిపోతాది అబ్బీ" అంది.

మర్నాడు పొద్దున నేను చెప్పులేసుకుంటుండగానే సైనికులొచ్చారు.

బజార్లో రొట్టె దొరకడం లేదని అక్క ఆ పూట బియ్యప్పిండి, సెనగపిండి కలిపి ముద్ద చేసి పెట్టుకుంది. పొయ్యి మీద మూకుట్లో నూనె కాగుతోంది. జంతికలు చేద్దామని. ఆవిడ భాషలో అయితే మురుకులు. కిటికీలోంచి బయటికి చూసి, చేతికున్న పిండితోనే వెనక్కి తిరిగింది.

"వచ్చాండారు. ఎదురింట్లోంచి బయటపడినారు. మనింటికే."

నేను గదిలోకి పరిగెత్తి ప్రెస్సు మీద దుప్పటి కప్పబోయాను. అక్క ఆ దుప్పటి లాగి అవతల పారేసింది.

"దుప్పటి కప్పితే వాళ్లు ఎత్తి సూడరా? దొంగ సొత్తని నువ్వే సెప్తాండావు. గమ్మునుండు" అని పిండి ముద్ద తెచ్చి ప్రెస్సు నోటికి కొట్టింది. డై చుట్టూ, కేసు చుట్టూ, కొరుకు చుట్టూ మెత్తి, మీట మీద కూడా కాస్త పులిమింది. ఇత్తడి కనబడకుండా పోయింది. మిగిలిన ముద్దని పళ్లెంలో పెట్టి బల్ల మీద పెట్టింది.

"ఏంటక్కా ఇది?"

"మురుకుల మిషను."

"ఎవరు నమ్ముతారక్కా?"

"మనం నమ్మితే సాలు. నువ్వు ముందు ఆ ఏడుపు మొగం తుడ్సుకో."

ముందుగా లోపలికొచ్చినవాడు అధికారి. వయసులో చిన్నవాడే, కళ్లు మాత్రం చాలా రోజులుగా నిద్ర లేనట్టున్నాయి. వెనక నలుగురు సైనికులు. అందులో ఒకడు గుమ్మంలో తల వంచి రావలసినంత ఎత్తున్నాడు. మిగతావాళ్లు మామూలు పిల్లలు, ఒళ్లంతా ఎముకలే. గదులన్నీ తిరిగారు. పరుపులు ఎత్తారు, బీరువాలు తీశారు, బియ్యం డబ్బాలో చేయి పెట్టి కలిపారు. పెద్ద మామా గది ముందు కాసేపు ఆగి, లోపలి నుంచి కర్ర చప్పుడు విని, తర్వాత చూద్దామన్నట్టు ముందుకొచ్చేశారు. చివరికి వంటింటికి, వంటింట్లోంచి మా గదికి.

అధికారి ప్రెస్సు ముందు ఆగాడు.

"ఇదేంటి?"

"మురుకు" అంది అక్క.

"జంతిక" అన్నాను నేను అదే క్షణంలో.

అధికారి మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "ఆవిడ ఒకటి చెబుతోంది, నువ్వొకటి చెబుతున్నావు. ఏది నిజం?"

"రెండూ ఒకటే సార్" అన్నాను. నా అరబ్బీ వర్క్‌షాపు అరబ్బీ. బోల్టు, నట్టు, తొందరగా, ఖలాస్, అంతవరకు బాగా వచ్చు. "తినేది సార్. తిండి. హిందీ తిండి." అరబ్బీలో హిందీ అంటే ఇండియాది అని.

"మీరిద్దరూ ఒకే దేశం వాళ్లు కాదా?"

"దేశం ఒకటే సార్. జిల్లాలు వేరు."

వాడికి నవ్వు రాలేదు. మీట మీద పులిమిన పిండిని వేలితో తీసి వాసన చూశాడు. తర్వాత బల్ల కాళ్లు చూశాడు, కాంక్రీటు చూశాడు. తిండి చేసే మిషనుకు ఇంత పునాది ఎందుకని అడుగుతాడేమో అనుకున్నాను.

"చెయ్యి, చూస్తాను" అన్నాడు.

నేను మీట పట్టుకున్నాను. అది కదలదని ఆ గదిలో అందరికంటే బాగా తెలిసినవాణ్ణి నేనే. రెండు చేతులతో లాగినట్టు నటించాను. తర్వాత నటన అక్కర్లేకుండానే లాగాను. కదలలేదు.

"పిండి గట్టిపడింది సార్" అన్నాను.

అక్క వెంటనే అరబ్బీలో నన్ను తిట్టడం మొదలుపెట్టింది. వీడు పనికిమాలినవాడు, ఇంట్లో వేళకు నాలుగు మెతుకులు తినడం తప్ప ఏం చేతకాదు, పొద్దున్నుంచి పిండి ఎండిపోతుంటే చెప్పులేసుకుని ఊరేగడానికి బయల్దేరాడు. అందులో నటన ఎంతో, నిజమెంతో నాకిప్పటికీ తెలియదు. ఆకలిగా ఉన్న సైనికుల్లో ఒకడికి నవ్వొచ్చింది.

అధికారి ఆ పొడుగాటి సైనికుడికి సైగ చేశాడు. వాడు తుపాకీ గోడకి ఆనించి, అరచేతులు రుద్దుకుని, మీట పట్టుకుని పైకి లాగాడు. నాలుగు వారాలు నేను వేలాడినా, తన్నినా, దండం పెట్టినా కదలనిది వాడి చేతిలో ఒక్కసారి 'ఠప్' అంది. ప్రెస్సు కొరుకు కిందికి పడింది. పిండి రెండు ముక్కలైంది. కొంత డై చుట్టూ పైనే అంటుకుని ఉంది. కొంత కింద కొరుకు మీద ముద్దగా ఉంది.

ఏం జరిగిందో నాకు అర్థమైంది. కేసు ఊడలేదు. దాని అడుగు బిళ్లలా తెగింది. ఒంటి భాగం డైలోనే పిండి మాటున ఉంది. తెగిన ఇత్తడి బిళ్ల కింద ముద్దలో ఉంది. అధికారి ముందుకు వంగాడు.

అక్క వాడికంటే ముందు చెయ్యి పెట్టింది. వేలితో ముద్దంతా ఒక్క ఊడ్పు ఊడ్చి తీసి, "సూసినావా, ఇట్టా వస్తాది" అని తెలుగులోనే అంది. పట్టుకున్నాక ఆవిడ వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. బిళ్ల తగిలిందన్నమాట. దాన్ని దాచుకోవడానికి చీర కొంగు లేదు, జేబు లేదు, వాడి కళ్లు ఆవిడ చేతి మీదే ఉన్నాయి. చేయగలిగింది ఒకటే. వంటింట్లోకి నడిచి, ముద్దని ముక్కలుగా గిల్లి మూకుట్లో వేసింది.

మేమంతా మూకుడు చుట్టూ నిలబడ్డాం. వరసగా నేను, అధికారి, నలుగురు సైనికులు. పిండి ముక్కలు నూనెలో తేలాయి, ఎర్రబడ్డాయి. అవి జంతికలూ కావు, మురుకులూ కావు, పకోడీలకు దూరపు చుట్టాల్లా ఉన్నాయి. వాటిలో ఒకటి మాత్రం తేలలేదు. అడుగునే ఉంది. అక్క చిల్లుల గరిటెతో దాన్ని మిగతావాటితో కలిపి పైకి తీసి పళ్లెంలో వేసింది. అన్నిటికంటే పెద్దది. నా వంక ఒకసారి చూసి, దాని వంక చూసింది. నేను తీసుకుందామంటే యజమానుల కంటే ముందు పనివాడు, సైన్యం కంటే ముందు నేను, ఎలా చెయ్యి పెట్టను? వీళ్లలో ఎవడు దాన్ని కొరికినా పన్ను విరుగుతుంది. ఆ తర్వాత మా తలలు.

అధికారి పళ్లెం వైపు చెయ్యి చాపాడు.

"ఇంట్లో పెద్దదాన్ని నేనుండగా నువ్వు ముందు తింటావా?"

వెనక పెద్ద మామా నిలబడి ఉంది. బురఖా లాంటి నల్లటి అబాయా, చేతిలో కర్ర. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. అధికారి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వాడు సైన్యంలో అధికారే కావచ్చు, ఆ గొంతు వింటే ఎవడికైనా వాడి నాయనమ్మ గుర్తుకు రావలసిందే.

"తప్పయింది యుమ్మా" అన్నాడు. యుమ్మా అంటే అమ్మా అని.

పెద్ద మామా నెమ్మదిగా వచ్చి పళ్లెంలోకి చూసింది. వేళ్లు రెండు మూడు ముక్కల మీద ఆడాయి. పెద్దది తీసి నోట్లో పెట్టేసుకుంది. అప్పుడే నూనెలోంచి తీసింది అది. అందులో అక్క వేసిన రాయచోటి కారం. ఆవిడ కళ్లలోంచి నీళ్లు కారాయి. బుగ్గ ఒకవైపు ఉబ్బింది. ఉమ్మలేదు, మింగలేదు, నోరు తెరవలేదు.

"వేడిగా ఉందా యుమ్మా?" అని అడిగాడు అధికారి, నిజంగానే కంగారుపడి.

ఆవిడ తల ఊపి కర్ర ఎత్తి పళ్లెం చూపించింది, తర్వాత వీధి గుమ్మం చూపించింది. ఇంత స్పష్టమైన అరబ్బీ నేను ఎప్పుడూ వినలేదు. తీసుకోండి, పోండి. సైనికులు పళ్లెంలో ఉన్నవి గుప్పిళ్లకెత్తుకుని తింటూనే నడిచారు. కారానికి ఒకడు దగ్గాడు. పొడుగాటివాడు గోడకానించిన తుపాకీ మరిచిపోయి వెళ్లబోతే అధికారి వాడి వీపు మీద ఒకటి చరిచి వెనక్కి పంపాడు. వాడు తుపాకీ తీసుకుని, అక్కకు చేత్తో సలాం చేసి పోయాడు.

గేటు చప్పుడు అయ్యాక పెద్ద మామా నోట్లోది అరచేతిలో ఉమ్మింది. నమిలీ నమలని పిండి మధ్య ఇత్తడి బిళ్ల మెరిసింది. దాన్ని నా చేతిలో పెట్టింది.

"మీకు ముందే తెలుసా మామా?" అన్నాను.

"ఏం తెలుసు?"

"అందులో అది ఉందని."

"పెద్దది కదా అని తీసుకున్నాను" అంది. "ఉప్పు తక్కువైంది."

అని తన గదిలోకి వెళ్లిపోయింది. తర్వాత మూడు రోజులు నాలుక పొక్కి మజ్జిగ తప్ప ఏమీ తాగలేదని అక్క చెప్పింది. ఆవిడకు తెలిసే చేసిందా, ఆకలికి చేసిందా అని మేమిద్దరం చాలా వాదించుకున్నాం. అక్క తెలిసే చేసిందంటుంది. నేను ఒకసారి అలాగే అనుకుంటాను, ఒకసారి ఆ ముక్కల మీద ఆడిన వేళ్లు గుర్తొచ్చి, నిజంగా పెద్దదాని కోసమే వెతికిందేమో అనిపిస్తుంది.

ఆ సాయంత్రమే బ్నీద్ అల్ గార్ వెళ్లి రంపం తెచ్చాను. వరసగా రెండు రోజులు కోశాను. నా వెల్డింగు ఎంత గట్టిదో అప్పుడు నాకే తెలిసింది. అక్క పక్కన కూర్చుని చప్పుడు వినబడకుండా గట్టిగా పాటలు పాడింది. ఆవిడ పాట కంటే రంపం చప్పుడే నయమని నేనన్నందుకు ఒక పూట అన్నం పెట్టలేదు. ప్రెస్సు ముక్కలు ఎక్కడ వేశామో మీరు ఊహించగలరు. ఆ ట్యాంకు అప్పటికే ఆయుధాగారం.

ఇంకొన్నాళ్లకు పెద్ద మామా చెల్లెలి కుటుంబం ఆ ఇంటికి వచ్చి చేరింది. మరుసటి రోజే పెద్ద మామా మమ్మల్ని పిలిచి, తన గదిలో ఉన్న కఫీల్ బీరువా తాళం పగలగొట్టించి, మా పాస్‌పోర్టులు మా చేతికిచ్చింది.

"పోండి. ఇది మా గొడవ. మీ అమ్మలకు మా గొడవ ఎందుకు?" అంది.

అక్క ఏడ్చింది. పెద్ద మామా కర్రతో ఆవిడ కాలి మీద చిన్నగా తట్టింది, ఏడుపు ఆపమని. బస్సులో బాగ్దాద్, అక్కణ్ణుంచి అమ్మాన్, ఎడారిలో గుడారాల్లో నీళ్ల కోసం వరసలు, అక్కణ్ణుంచి విమానంలో బొంబాయి. ఆ ప్రయాణం గురించి చాలామంది చెప్పారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. మా ఇద్దరి దగ్గరా కలిపి ఒక్క సంచి ఉందని మాత్రం చెబుతాను. అందులో అక్క మూకుడు ఉంది. దాన్నెందుకు మోసుకొచ్చావంటే, "మిలిట్రీ వాళ్లకు ఇడిసిపెట్టాలా?" అంది.

యుద్ధం అయ్యాక కఫీల్ మళ్లీ వీసాలు పంపాడు, ఇద్దరికీ. నేను రాయచోటి దాకా పోయి అక్కను అడిగాను. ఇంటి ముందు తడికె పందిరేసుకుని దోసెలు పోస్తోంది.

"ఆ యప్పకు సెప్పు అబ్బీ. నేను రాను. ఆడ ఆయమ్మ ఒక్కతే మనిషి. ఆయమ్మను సూడాలనుంటాది. దానికోసరం మళ్లా ఆ యప్ప సరదాలు బరించలేను" అంది. రెండు దోసెలు పెట్టి పంపించింది.

నేను ఒక్కణ్ణే వెళ్లాను. గోడలకు మసి, కిటికీలకు అద్దాల్లేవు, ఇల్లు మాత్రం నిలబడే ఉంది. పెద్ద మామా అదే గదిలో, అదే కర్రతో ఉంది. వెళ్లిన వారానికి కఫీల్ తన దివానియాలో, అంటే మగవాళ్లు సాయంత్రం చేరి కబుర్లు చెప్పుకునే గదిలో, స్నేహితుల్ని పిలిచాడు. నన్ను కాఫీ పోయమన్నారు. చేతిలో చిన్న కప్పుల దొంతర, రెండో చేతిలో జగ్గు, నేను వరస పట్టుకుని పోస్తున్నాను.

కఫీల్ చెప్పడం మొదలుపెట్టాడు. శత్రువు ముక్కు కింద ఆయుధాలు ఎలా దాచాడో. వాళ్ల అధికారి కళ్లలో కళ్లు పెట్టి ఎలా చూశాడో. కాంక్రీటు బల్ల ముందే పోయించడం ఎంత దూరదృష్టో. కథలో నేనెక్కడా లేను. అక్క అసలే లేదు. ప్రెస్సు మాత్రం ఉంది. వింటున్నవాళ్లు "మాషా అల్లా" అంటున్నారు. నేను కాఫీ పోస్తూనే ఉన్నాను. నిజం చెప్పాలంటే కథ బాగుంది, నాక్కూడా తర్వాత ఏమవుతుందో అనిపించింది.

గుమ్మం దగ్గర కర్ర చప్పుడైంది. మగవాళ్ల గదిలోకి ఆడవాళ్లు రారు. పెద్ద మామా రాలేదు. గుమ్మం అవతల నిలబడింది. ఆవిడ గొంతుకు లోపలికి రావలసిన అవసరం లేదు.

"ఆ రోజు నువ్వెక్కడున్నావు?" అంది.

కఫీల్ గుమ్మం వైపు తిరిగాడు.

"చెప్పు. ఎక్కడున్నావు? స్విట్జర్లాండ్‌లో ఐస్‌క్రీమ్ తింటున్నావు. ఇంట్లో ఉన్నవాడు నీకు కాఫీ పోస్తున్నాడు. వాణ్ణి కూర్చోబెట్టి వాడి చేత చెప్పించు."

కర్ర చప్పుడు దూరమైంది. కఫీల్ మొహం చూడాలంటే నాకు భయమేసింది. ఇక నా వీసా ఖలాస్ అనుకున్నాను. ఆయన ఉన్నట్టుండి నవ్వాడు. పక్కకు జరిగి దిండు సర్ది, కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. నా చేతిలో జగ్గు ఆయన తీసుకున్నాడు.

నేను మొత్తం చెప్పాను, నా వర్క్‌షాపు అరబ్బీలో. కొబ్బరి నూనె దగ్గర నవ్వారు, మూకుడు దగ్గర ముందుకు వంగారు. ఇదంతా చేసింది రాయచోటి ఆవిడని, నేను వేలాడటం తప్ప ఏం చేయలేదని కూడా చెప్పాను. ఆవిడేది అని ఒక ముసలాయన అడిగాడు. రానంది అన్నాను. తెలివైనదని ఆయన తల ఊపాడు.

గల్ఫ్‌లో నేను పనిచేసిన అన్నేళ్లలో కఫీల్ చేత్తో కాఫీ పోయించుకున్నది ఆ ఒక్కసారే. ఆయనకు కాఫీ పోయడం చేతకాదు. సగం కప్పులో పడింది, సగం నా ప్యాంటు మీద పడింది. రెండో కప్పు కూడా అడిగాను.